ఒక్క నిమిషం తిట్టు

వెండెల్ ప్రూయిట్ అరచేత్తో బల్ల మీద కొట్టాడు. గ్లాసులు ఎగిరిపడ్డాయి. ఎవరిదో కోలా ఒలికి నా మోకాలి మీద కారింది.

"ఓటు అయిదింటికి. ఇప్పుడు మూడున్నర. ఎవరికేం ఏడవాలని ఉందో ఇప్పుడే ఏడవండి! తర్వాత నా ఫోనుకి మెసేజిలు పెట్టారంటే ఊరుకోను."

టొలీడో ఊరి చివర బౌలింగ్ హాలు వెనక గది అది. గోడకి అటువైపు బంతులు దొర్లుతున్న మోత. ఇటువైపు మేం నలభై ఒక్కమందిమి. నెలకో శనివారం ఇక్కడ కూడి కొట్టుకు చస్తాం. కారణం ఒక కార్టూన్. పేరు 'మిలికెన్ల ఇల్లు'. ముప్పై అయిదేళ్ళుగా టీవీలో నడుస్తోంది. హార్వ్ మిలికెన్, ఆయన భార్య డాట్, ముగ్గురు పిల్లలు, ఒంటికన్ను పిల్లి. ఇన్నేళ్ళలో ఆ పిల్లలకి ఒక్క ఏడూ పెరగలేదు. మాకు మాత్రం జుట్టు ఊడిపోయింది.

వెండెల్ మా సంఘానికి అధ్యక్షుడు. పదిహేనేళ్ళుగా ఆ కుర్చీ వదల్లేదు. ప్రతి ఎపిసోడ్‌కీ కథ, నిడివి, దొర్లిన తప్పులు రాసిపెట్టిన మార్గదర్శి పుస్తకం ఆయనదే. దేశంలో ఏ మూల అభిమానికి సందేహం వచ్చినా ఆ పుస్తకమే తిరగేస్తాడు.

ఇక నా సంగతి. నా పేరు రసెల్ టిబెట్స్. మొదటి సీజన్ పదమూడు ఎపిసోడ్లూ పూర్తిగా రికార్డు చేసి దాచినవాణ్ణి నేనొక్కణ్ణే. దాన్నందరూ 'టిబెట్స్ సెట్టు' అంటారు. ఎవరైనా రెండు ఖాళీ టేపులు పంపితే ఒకటి నేనుంచుకుని రెండోదాని మీద కాపీ తీసి పంపేవాణ్ణి. రెండొందల ఇళ్ళకి వెళ్ళాయి. ఆ కాపీల మీద కాపీలు ఎన్ని వేలో లెక్క లేదు. మొదటి సీజన్ గురించి ఈ దేశంలో ఎవరికేం తెలిసినా, నా టేపుల్లోంచి తెలిసిందే.

ఆ రోజు గొడవ స్టూడియో రాసిన ఉత్తరం గురించి. మొదటి సీజన్ అసలు రీళ్ళు గోదాములో వరద నీటికి పాడైపోయాయట. ముప్పై అయిదో వార్షికోత్సవానికి నా టేపుల నుంచే బొమ్మ శుభ్రం చేసి విడుదల చేస్తారట. అంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా డాట్ గొంతు దగ్గర వచ్చింది. మొదటి సీజన్‌లో డాట్‌కి మాట చెప్పినావిడ వేరు. రెండో సీజన్ నుంచి ఇవాళ్టిదాకా చెబుతున్నావిడ వేరు. పాత గొంతే ఉంచాలా, ఇప్పటావిడ చేత ఆ పదమూడూ మళ్ళీ చెప్పించాలా? అభిమానుల సంఘం ఓటు ఎలా ఉంటే అలా చేస్తామన్నారు. మళ్ళీ చెప్పించే పక్షంలో పాత కాపీలన్నీ ఇంటర్నెట్ నుంచి తీసేయాలని షరతు. అంటే పాత గొంతు ఇక ఎవరికీ వినపడదు.

"ఏడవడానికేముంది?" అన్నాడు వెనక బల్ల నుంచి ఒకడు. "ఆ కీచు గొంతు వినలేకే నేను మా ఆవిడకి మొదటి సీజన్ చూపించలేదు. రెండో సీజన్ నుంచి మొదలుపెట్టించా. సంసారం నిలబడింది."

గది గొల్లున నవ్వింది.

"హార్వ్ గొంతు మాత్రం బాగుందా అప్పుడు? ఆయన కూడా సన్నగానే అరిచాడు."

"ఆయన కుదురుకోవడానికి ఏడాది పట్టింది. అది వేరు."

"పిల్లలు కూడా సన్నగానే..."

"పిల్లలు పిల్లల్లా ఉండరా మరి? బుద్ధి ఉందా!"

"కథలు కూడా పలచనే. ఒక్కోటీ ఇరవై ఒక్క నిమిషాలకే అయిపోతుంది. రెండో సీజన్ నుంచి ఇరవై రెండున్నర. రాసేవాళ్ళకి అప్పటికి సరుకు లేదు."

వెండెల్ చెయ్యెత్తాడు. "ఇదంతా నా పుస్తకంలో ఉంది. కొత్తగా చెప్పేవాళ్ళుంటే చెప్పండి."

"నేను చెబుతాను."

తలుపు దగ్గర కుర్చీలోంచి ఒకావిడ లేచింది. డెబ్బై ఏళ్ళుంటాయి. బూడిదరంగు కోటు ఇంకా విప్పలేదు. బూట్లకి మంచుబురద. అరగంట నుంచి అక్కడే కూర్చుంది, ఎవరూ పలకరించలేదు.

"నా పేరు ఆర్డిత్ కోలర్. సాండస్కీ నుంచి వచ్చాను. మీరు కీచు గొంతు అంటున్నది నా గొంతునే."

గోడకి అటువైపు బంతి తగిలి పిన్నులన్నీ ఒకేసారి కూలాయి.

ఆవిడ గొంతు కీచుగా లేదు. మందంగా, నిండుగా ఉంది. వెచ్చటి దుప్పటిలా ఉంది.

మొదట కోలుకున్నది వెండెలే. ఆయనకి సిగ్గు పడటం తెలియదు.

"మేడమ్, మీరు రావడం మాకు గౌరవం. కానీ ఇక్కడ వ్యక్తిగతంగా ఎవరూ..."

"మా ఆవిడకి చూపించలేదన్నాడే ఆ పెద్దమనిషి, అది వ్యక్తిగతం కాదా?" ఆవిడ వెనక బల్లకేసి చూసింది. ఆ మనిషి తల వంచి మెనూ కార్డు చదవడం మొదలుపెట్టాడు.

"చూడండయ్యా. మొదటి సీజన్ అయ్యాక నన్ను తీసేశారు. ఎందుకో చెప్పలేదు. ఆ ఏడే నాకు పాప పుట్టింది, నాలుగు నెలలు రాలేనన్నాను, వాళ్ళు ఇంకొకరిని చూసుకున్నారు. అంతే. గొంతు బాలేదని స్టూడియోలో ఒక్కడు కూడా అనలేదు. అన్నది మీరు! నీ పుస్తకంలో రాశావు కదూ, వెండెల్ ప్రూయిట్ అంటే నువ్వే కదూ? 'గొంతు భరించలేక ఆమెను తప్పించారు' అని. ఎవరు చెప్పారు నీకు?"

"అది... అందరూ అనుకునేదే, మేడమ్."

"అందరూ నీ పుస్తకం చదివి అనుకున్నారు. నువ్వు అందరూ అనుకుంటున్నారని రాశావు. ఎంత చక్కగా ఉంది! ఆ తర్వాత నేను పని కోసం ఎక్కడికెళ్ళినా, మీ టేపులు చూసిన కుర్రాళ్ళు బల్లకి అటువైపు కూర్చుని, ఓహో ఆ గొంతా అనేవాళ్ళు. ఆరేళ్ళు తిరిగాను. ఇరవై ఏడేళ్ళు బడి బస్సుల ఆఫీసులో రేడియో దగ్గర కూర్చున్నాను. రోజూ పొద్దున్నే ముప్పై మంది డ్రైవర్లు నా గొంతు విన్నారు. ఒక్కడూ రేడియో కట్టేయలేదు."

"వయసుతో గొంతు బరువెక్కుతుంది మేడమ్," అన్నాడు వెండెల్. "మీ ఇప్పటి గొంతు సాక్ష్యం కాదు. టేపే సాక్ష్యం."

నాకు ఒళ్ళు మండింది. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే టేపు సాక్ష్యమట! కానీ నేను నోరు తెరవలేదు. ఎందుకంటే ఆ టేపు నాదే. ముప్పై ఏళ్ళుగా నేనూ ఆ మాటే అంటున్నాను.

సంఘం కార్యదర్శి యోలాండా సీబర్ట్ మాత్రం ఊరుకోలేదు. ఆవిడ మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ వేలాడుతూ ఉంటుంది. పుస్తకంలో నిడివి లెక్కలన్నీ ఆవిడవే.

"వెండెల్, కాస్త మర్యాదగా మాట్లాడు. ఆవిడ గంట దూరం నుంచి వచ్చింది."

"నేనేం అమర్యాదగా అన్నాను? గొంతు సంగతి వదిలేద్దాం. పనితనం సంగతే చూద్దాం. ఆరో ఎపిసోడ్. ఒక్క నిమిషం తిట్టు. డాట్ పొయ్యి టైమరు ఒక్క నిమిషానికి తిప్పి హార్వ్‌ని తిడుతుంది. ఎంతసేపు? యాభై ఆరు సెకన్లు! పుస్తకంలో తప్పుల పట్టికలో మొట్టమొదటి తప్పు అదే. ఒక్క నిమిషం మాట్లాడమంటే నిమిషం మాట్లాడలేకపోయింది."

ఆర్డిత్ కోలర్ మొహం ఎర్రబడింది. కోటు విప్పి కుర్చీ మీదకి విసిరింది. కుర్చీ పడిపోయింది. ఆవిడ ఎత్తలేదు.

"యాభై ఆరా? అబద్ధాలకోరా! ఆ తిట్టు నేను పదకొండు సార్లు చెప్పాను. దర్శకుడు అద్దం అవతల గడియారం పట్టుకుని నిలబడ్డాడు. యాభై తొమ్మిదికి అయిపోతే మళ్ళీ, అరవై ఒకటికి అయిపోతే మళ్ళీ. గంట మోగే క్షణానికి ఆఖరి మాట పడాలి. పదకొండోసారి పడింది. ఆ రోజు నా నోట్లోంచి నెత్తురొచ్చింది. యాభై ఆరట!"

"పుస్తకంలో..."

"పుస్తకం పట్టుకెళ్ళి పొయ్యిలో పెట్టు! అమ్మా, నీ మెడలోది పనిచేస్తుందా?"

"చేస్తుంది," అంది యోలాండా.

"నొక్కు. ఇప్పుడే చెబుతా. ఒక్క అక్షరం కూడా మర్చిపోలేదు."

యోలాండా వెండెల్ వైపు చూడలేదు. స్టాప్‌వాచ్ చేతిలోకి తీసుకుని నొక్కింది.

ఒక్క నిమిషం తిట్టు మా సంఘానికి ప్రార్థన లాంటిది. ప్రతి సమావేశం చివరా అందరం నిలబడి దాన్ని కలిసి చెబుతాం. టేపులో డాట్ ఎలా అంటుందో అలాగే, ఆ విరుపులతో, ఆ ఊపిరితో. నిద్రలో లేపి అడిగినా చెబుతాం. అందుకే ఆవిడ మొదటి మాట అనగానే మా పెదాలు వాటంతటవే కదిలాయి. ఎవరూ అనుకుని చేసింది కాదు.

"హార్వ్ మిలికెన్! టైమరు తిప్పాను. నా కోపమంతా ఈ ఒక్క నిమిషంలోనే. ఓవెన్లో మేజోళ్ళు ఆరేసే మొగుడు ఈ రాష్ట్రం మొత్తం మీద నాకే దొరకాలా? అవి ఉన్నాయని తెలియక నేను కేకు పెట్టాను, అది కాలింది, నీ మేజోళ్ళు మాత్రం కాలలేదు! పక్కింటాయన దగ్గర నిచ్చెన తెచ్చి మూడేళ్ళయింది. ఆయన ఆ నిచ్చెన కోసం కాదు, దాని మీద పాకిన మన టమాటా తీగ కోసం ఇప్పుడు మనింటికొస్తున్నాడు..."

మొదటి మూడు వాక్యాలూ అందరి గొంతులూ కలిసే నడిచాయి. నాలుగో దాని దగ్గర ఏదో తేడా వచ్చింది. మేం ముందుకి వెళ్ళిపోయాం. ఆవిడ ఇంకా నిచ్చెన దగ్గరుంది. మేం టమాటా దగ్గరున్నాం. మంచు తవ్వే పార దగ్గరికి వచ్చేసరికి మాకూ ఆవిడకీ మధ్య మూడు మాటల ఎడం. ఆవిడ మాకోసం తొందరపడలేదు. మేం ఆవిడ కోసం ఆగలేకపోయాం. ఆ పరుగు మా నాలుకలకి అలవాటైపోయింది.

"...మా అమ్మ చెప్పింది, వద్దే పిల్లా, వాడి చేతికి సుత్తి ఇస్తే మేకు తప్ప అన్నీ కొడతాడని!"

మా గొంతులు ఆఖరి మాట చెప్పి ఆగిపోయాయి. వెండెల్ విజయం సాధించినట్టు నవ్వాడు.

"చూశారా? మనతో సమానంగా కూడా రాలేకపోయింది!"

ఆవిడ మాత్రం ఆపలేదు. నిండు గొంతుతో, వెండెల్ కళ్ళలోకి చూస్తూ, ఒక్కో మాటా మేకులా దించుతూ, "మేకు తప్ప... అన్నీ... కొడతాడని!" అంది.

యోలాండా వేలు నొక్కింది. టక్.

కార్టూన్‌లో ఇక్కడ టైమరు గంట మోగుతుంది. డాట్ మొహం వెంటనే మారిపోతుంది. "కాఫీ పెట్టనా?" అని అడుగుతుంది. అదే ఆ సన్నివేశానికి ప్రాణం. గదిలో అందరం ఆ మాట కోసం ఎదురుచూశాం.

ఆవిడ అనలేదు.

యోలాండా గడియారం వంక చూస్తూ ఉండిపోయింది.

"మనం యాభై ఆరు," అంది. "ఆవిడ అరవై. సరిగ్గా అరవై."

"కావాలని నెమ్మదిగా చెప్పింది," అన్నాడు వెండెల్.

"నోరు మూసుకుని ఒక్క లెక్క విను. నిమిషానికి నాలుగు సెకన్లు తగ్గింది. ఇరవై రెండున్నర నిమిషాలకి ఎంత తగ్గుతుంది? తొంభై సెకన్లు. ఇరవై రెండున్నర లోంచి నిమిషంన్నర తీసెయ్యి. ఎంత?"

ఎవరో గొణిగారు. "ఇరవై ఒకటి."

"మొదటి సీజన్ ఎపిసోడ్ నిడివి ఎంత?"

ఒకడు పుస్తకం తెరిచి, ఆ అంకె మీద వేలు పెట్టి పక్కవాడికి చూపించాడు.

"పెళ్ళికి ముందు నేను ఒక ఛానల్లో ప్రకటనల బల్ల దగ్గర ఆరేళ్ళు పనిచేశాను. పాత కార్యక్రమాలు మళ్ళీ వేసేటప్పుడు యంత్రంతో వేగం పెంచేవాళ్ళు. నిమిషంన్నర మిగిలితే ఇంకో మూడు ప్రకటనలు పడతాయి. వేగం పెరిగితే గొంతులన్నీ సన్నబడతాయి. డాట్‌ది ఒక్కదానిదే కాదు. హార్వ్‌ది, పిల్లలవి, పిల్లిది కూడా! మనం ఏమన్నాం? హార్వ్‌కి కుదురుకోలేదన్నాం. పిల్లలు పిల్లలేగా అన్నాం. రాసేవాళ్ళకి సరుకు లేదన్నాం. ఒక్కోదానికి ఒక్కో కారణం కల్పించాం. ఆవిడకి మాత్రం గొంతు బాలేదన్నాం!"

"ఆపు!" వెండెల్ మళ్ళీ బల్ల గుద్దాడు. "నువ్వు చెప్పేది మళ్ళీ వేసిన కార్యక్రమాల సంగతి. టిబెట్స్ సెట్టు మొదటి ప్రసారం నుంచి తీసింది. ప్రతి టేపు మీదా తారీకు ఉంది. ఆరో ఎపిసోడ్, నవంబరు పన్నెండు, పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది. మొదటి ప్రసారానికి ఏ ఛానలూ వేగం పెంచదు. ఒరేయ్ రస్! లేచి చెప్పరా వీళ్ళకి!"

నలభై తలలు నా వైపు తిరిగాయి.

నిజం చెబుతున్నాను. ఆ క్షణం దాకా నాకు తట్టలేదు.

పంతొమ్మిది వందల తొంభై రెండు, జులై నాలుగు. బాణసంచా చూడ్డానికి ఇంటికప్పు ఎక్కి కింద పడ్డాను. ఎడమ కాలు విరిగింది. సోమవారం నుంచి సోఫాలో పడి ఉన్నాను. రోజూ సాయంత్రం నాలుగింటికి మా ఊరి ఛానల్లో మిలికెన్లు వచ్చేవాళ్ళు. పదమూడు రోజులు, పదమూడు ఎపిసోడ్లు. ప్రకటన రాగానే రికార్డింగు ఆపేవాణ్ణి, అవగానే మళ్ళీ నొక్కేవాణ్ణి. ఒక్క ప్రకటన కూడా లేకుండా రికార్డు చేశానని గొప్పలు చెప్పుకున్నాను. ప్రకటనలుంటే అది ఏ ఏడాదిదో ఎవడైనా పట్టేవాడు.

ఇక తారీకులా? టేపులు మార్చుకునే మాలో ఒక ఆచారం ఉంది. చీటీ మీద రాసేది మనం రికార్డు చేసిన తారీకు కాదు, ఆ ఎపిసోడ్ మొదటిసారి టీవీలో వచ్చిన తారీకు. వరస తెలియడానికి. అందరూ అలాగే చేసేవాళ్ళు. నేనూ పత్రికల్లో వెతికి ఆ తారీకులే రాశాను. రాసింది అబద్ధమని నాకు ఎప్పుడూ అనిపించలేదు. తర్వాత్తర్వాత అవి చూసి మొదటి ప్రసారమే అని అందరూ అనుకుంటే, నేను కాదనలేదు. కాదనడానికి నాకేం తొందర?

ఇప్పుడూ కాదనక్కర్లేదు. అవునని తలూపితే చాలు. సంగతి తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. స్టూడియో విడుదల చేసే పెట్టె మీద 'టిబెట్స్ సేకరణ నుంచి' అని పడుతుంది. ఆ మాట ఉత్తరంలోనే ఉంది.

ఆర్డిత్ కోలర్ నన్నే చూస్తోంది. బతిమాలే చూపు కాదది. రైలు వస్తుందో రాదో అని పట్టాలకేసి చూసినట్టుంది.

లేచాను.

"అవి మొదటి ప్రసారానివి కావు. తొంభై రెండు జులైలో రికార్డు చేశాను. మళ్ళీ వేసినప్పుడు."

"ఏంటీ?" అన్నాడు వెండెల్.

"తారీకులు ఆచారం కొద్దీ రాశాను. అందరిలాగే."

"ముప్పై ఏళ్ళు! ముప్పై ఏళ్ళు నా పక్కన కూర్చుని, నా పుస్తకానికి వంత పాడి..." వెండెల్ నా కాలరు పట్టుకున్నాడు. కొడతాడనే అనుకున్నాను. కొట్టినా బాగుండేది. యోలాండా మధ్యలోకి వచ్చి ఆయన చెయ్యి విడిపించింది.

"తర్వాత చంపుకోండి. ముందు విందాం."

ఆవిడ లాప్‌టాప్‌లో ఆరో ఎపిసోడ్ ఉంది. వేగం నూటికి ఏడు పాళ్ళు తగ్గించింది. నొక్కింది.

హార్వ్ మాట్లాడాడు. అది రెండో సీజన్ హార్వే. మేం ప్రేమించిన ఆ బొంగురు గొంతే. వెనక బల్లవాడు "ఓరి దేవుడా" అన్నాడు. తర్వాత డాట్ మాట్లాడింది. ఇందాక గదిలో విన్న గొంతు. ముప్పై అయిదేళ్ళు తక్కువ వయసుతో, అదే నిండుతనంతో, అదే మేకు దించే విరుపుతో. తిట్టు మొదలైంది. ఒక్క పెదవీ కదల్లేదు. అరవయ్యో సెకను దగ్గర గంట మోగింది.

"కాఫీ పెట్టనా?" అంది తెర మీద డాట్.

మాలో కొందరు ఏడ్చారు. వాళ్ళని చూస్తే నాకు అసహ్యం వేసింది. నన్ను చూస్తే ఇంకా ఎక్కువ వేసింది.

ఆర్డిత్ ఏడవలేదు. "అయిదు కావస్తోంది," అంది. "ఓటు వేస్తారా, ముక్కులు చీదుకుంటూ కూర్చుంటారా?"

ముప్పై ఎనిమిది చేతులు లేచాయి. పాత గొంతే ఉండాలి, సరైన వేగంతో. ఇద్దరు ఎత్తలేదు. వెండెల్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"స్టూడియోకి పంపు, వెండెల్," అంది యోలాండా. "ఉత్తరప్రత్యుత్తరాలు నీ పేరు మీదే కదా."

ఆయన కిటికీ అద్దం మీద ఆవిరి తుడవసాగాడు.

"వెండెల్?"

"పంపేశాను."

"ఎప్పుడు?"

"నిన్న." ఆయన వెనక్కి తిరగలేదు. "ఓటు ఎలా పడుతుందో నాకు తెలుసు కదా. ఏకగ్రీవం, మళ్ళీ చెప్పించండి అని రాసేశాను. వాళ్ళు మంగళవారానికి రికార్డింగు పెట్టుకున్నారు."

ఆ తర్వాత గదిలో లేచిన అరుపులకి బౌలింగ్ హాలు యజమాని తలుపు తోసుకుని వచ్చాడు. పదిహేనేళ్ళ నుంచి వెండెల్‌ని భరిస్తున్నవాళ్ళంతా ఒక్కసారే బద్దలయ్యారు. ఒకడు మార్గదర్శి పుస్తకం తీసి నేలకేసి కొట్టాడు. "ఇంక మమ్మల్నెందుకు పిలిచావురా? గంగిరెద్దుల్లా తలలూపడానికా?" అని ఇంకొకడు. వెండెల్ ఎదురు అరిచాడు. తను లేకపోతే సంఘమే లేదన్నాడు, కృతఘ్నులన్నాడు. కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ తలుపు వేయబోయాడు. ఆ తలుపు స్ప్రింగుది, దానంతటదే నెమ్మదిగా మూసుకుంది.

యోలాండా అప్పటికే రాస్తోంది. నాలుగు వాక్యాలు. జరిగింది ఇదీ, లెక్క ఇదీ, ఓటు ఇదీ, రెండు వేగాల్లో ఉన్న ముక్కలు జత చేస్తున్నాం. కింద ముప్పై ఎనిమిది పేర్లు. అయిదుకి మూడు నిమిషాలుండగా పంపింది.

జవాబు కోసం కూర్చున్నాం. ఎవరూ ఏమీ తినలేదు. బల్లల మీద కారంగా వండిన కీమా పోసిన సాసేజీ బన్నులు చల్లారిపోయాయి. ఒకమ్మాయి ఆర్డిత్ దగ్గరికెళ్ళి సంతకం చేయమని కాగితం చాపింది.

"ఇందాక లోపలికొచ్చినప్పుడు నీ పక్క కుర్చీలో కూర్చోవచ్చా అని అడిగాను," అంది ఆవిడ. "ఎవరికోసమో ఉంచానన్నావు. వచ్చారా వాళ్ళు?"

అమ్మాయి కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

అయిదూ నలభైకి లాప్‌టాప్ మోగింది. యోలాండా పైకి చదివింది. "మంగళవారం రికార్డింగు ఆపాం. పాత గొంతుతోనే విడుదల చేస్తాం. టేపులు ఏ ప్రసారం నుంచి తీసినవో, తారీకులతో సహా సొంతదారు చేతిరాతతో కావాలి." అంతే. క్షమాపణ లేదు, ఆవిడ పేరు కూడా లేదు.

కొందరు చప్పట్లు కొట్టారు. ఆర్డిత్ చెయ్యి ఎత్తగానే ఆగిపోయారు. ఆవిడ నా వైపు వచ్చింది.

"టేపులు తెచ్చావా?"

తెచ్చాను. ప్రతి సమావేశానికీ తెస్తాను. అట్టపెట్టెలో, వరసగా, పదమూడు. ఆరోది తీసి నా ముందు పెట్టింది. యోలాండా దగ్గర మార్కరు పెన్ను అడిగి నా చేతికిచ్చింది.

"కొట్టెయ్."

నవంబరు పన్నెండుని కొట్టేశాను.

"అసలుది రాయి."

జులై పదమూడు, పంతొమ్మిది వందల తొంభై రెండు. సోమవారం. రాశాను.

"సంతకం."

ఇన్నేళ్ళలో నేను ఎందరో నటుల ముందు కాగితం చాపాను. నా సంతకం ఎవరూ అడగలేదు. చేశాను. మిగతా పన్నెండూ అలాగే చేయించింది. ఒక్కోదాని తారీకూ వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతుంటే, శని ఆదివారాలు తీసేశానో లేదో కూడా సరిచూసింది. ఇరవై ఏడేళ్ళు బస్సుల వేళలు చూసిన మనిషి.

చివరిది అయ్యాక, పుస్తకంలో ఆరో ఎపిసోడ్ పేజీ తెరిచి యోలాండాకి చూపించింది. "తప్పుల పట్టికలోంచి ఇది తీసేయొద్దు. ఉంచండి. తప్పు ఎవరిదో మార్చండి."

"మారుస్తాం," అంది యోలాండా.

ఆవిడ కోటు తీసుకుంది. నేను పార్కింగు దాకా వెంట వెళ్ళాను. మార్చి సాయంత్రం, మంచు కరిగి నల్లటి బురదగా ఉంది. కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకడానికి చెయ్యి చాపితే, గీకుడు బద్ద ఇవ్వలేదు. తనే గీక్కుంది. చెప్పాల్సింది చాలా ఉంది. నాకు దొరికిన మాట ఒక్కటే.

"మేడమ్, లోపల మీరు ఆఖరి మాట అనలేదు. కాఫీ మాట."

ఆవిడ కారెక్కి తలుపు వేసింది. ఇంజను పెట్టింది. అద్దం కిందికి దించింది.

"టైమరు మోగాకే కదయ్యా అనేది," అంది. "నాది ఇంకా మోగలేదు."

కారు వెనక్కి తీసింది. చక్రాలు నా ప్యాంటు నిండా బురద చిమ్మాయి. నేను తుడుచుకోలేదు.